పది వారాల పాపకి డబ్బాపాలు: ఏది కొనాలి, ఎంత పట్టాలి?

నెలవంక:
అందరికీ నమస్తే. మా పాపకి పది వారాలు. పుట్టినప్పుడు 3 కిలోలు, నిన్న తూకం వేస్తే 4.7 ఉంది. ఇప్పటిదాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టలేదు. వచ్చే నెల ఉద్యోగంలో చేరాలి, అప్పుడు పగటిపూట మూడు సార్లయినా పోతపాలు పట్టక తప్పదు. ఈలోగా సాయంత్రం అయ్యేసరికి పాప ఒకటే ఏడుపు, గంటగంటకీ పాలకి వెతుక్కుంటుంది. ఇంట్లో వాళ్లేమో "నీకు పాలు చాలడం లేదు, ఈరోజే డబ్బా తెప్పించు" అంటున్నారు. తీరా కొట్టుకి వెళ్తే అర నిండా డబ్బాలే. ఒకటో నంబరు, రెండో నంబరు, కంఫర్ట్, గోల్డ్, మేకపాలది, సోయాది. ఒక్కోదాని మీద ఒక్కో గొప్ప రాసి ఉంది. ఏమీ కొనకుండా వచ్చేశాను. ఇప్పుడే మొదలుపెట్టాలా, ఆగాలా? ఏది కొనాలి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

బుడిబుడి_అడుగులు:
నెలవంకా, తూకం రాశావు చూడు, సగం జవాబు అక్కడే ఉంది. పుట్టిన పిల్లలు మొదటి కొన్ని రోజుల్లో కాస్త తగ్గుతారు, పది పద్నాలుగు రోజులకి మళ్లీ పుట్టినప్పటి బరువుకి వస్తారు. అక్కడినుంచి లెక్క వెయ్యి. ఎనిమిది వారాల్లో 1.7 కిలోలు, అంటే రోజుకి 30 గ్రాములు. మొదటి మూడు నెలల్లో రోజుకి 25 నుంచి 30 గ్రాములు పెరిగితే బాగున్నట్టే. పాలు చాలని బిడ్డ ఇలా పెరగదు. డైపర్లు కూడా చూసుకో. ఒక రోజులో ఆరుకి తగ్గకుండా బాగా తడుస్తున్నాయా, మూత్రం లేత రంగులో ఉందా అన్నదే ముఖ్యం. రొమ్ములు మెత్తబడిపోయాయనీ, పంపుతో పిండితే అడుగున కొంచెమే వచ్చిందనీ బెంగ పెట్టుకోకు. పంపుకి వచ్చే పాలు వేరు, బిడ్డ లాక్కునే పాలు వేరు.

ఇక సాయంత్రం ఏడుపు. ఈ వయసు పిల్లలు సాయంత్రాలు వెంటవెంటనే తాగడం మామూలే. ఏడుపు ఆరో వారం ప్రాంతంలో బాగా పెరిగి, మూడు నాలుగు నెలలు వచ్చేసరికి దానంతట అదే తగ్గుతుంది. డబ్బాపాలు తాగే పిల్లలు కూడా సాయంత్రాలు ఇలాగే ఏడుస్తారు. ఆ మాట ఇంట్లో వాళ్లకి చెప్పి చూడు, నమ్మరనుకో.

వేపచెట్టు:
ఏడుపుకీ ఆకలికీ సంబంధం ఉండి తీరాలని లేదు. ఆకలైతే ఏడవకముందే తెలుస్తుంది. తల అటూ ఇటూ తిప్పి వెతుక్కోవడం, చేతులు నోట్లో పెట్టుకోవడం, పెదాలు చప్పరించడం. ఏడుపు చివర్న వచ్చేది. బాగా ఏడుస్తున్న బిడ్డని ముందు సముదాయించాలి, అప్పుడు గానీ రొమ్ము సరిగ్గా పట్టుకోదు.

గడపమెట్టు:
మా రోజుల్లో ఈ డబ్బాలూ లేవు, ఈ లెక్కలూ లేవు తల్లీ. పాలు తక్కువైతే ఆవుపాలలో సగం నీళ్లు కలిపి కాచి పట్టేవాళ్లం. నా పిల్లలు ముగ్గురూ అలాగే పెరిగారు, అందరూ దుక్కల్లా ఉన్నారు. ఊరికే కంగారు పడుతున్నారు.

పిల్లలవార్డు_నర్సు:
గడపమెట్టు గారూ, మీ పిల్లలు చల్లగా ఉండాలి. కానీ ఈ సలహా చదివి ఎవరైనా పది వారాల బిడ్డకి అలా పడితే ప్రమాదం, అందుకే అడ్డు చెప్పాల్సి వస్తోంది. తల్లిపాలలో 100 మిల్లీలీటర్లకి సుమారు ఒక గ్రాము ప్రోటీన్ ఉంటుంది, ఆవుపాలలో మూడు గ్రాముల పైనే. ఉప్పు, ఇతర ఖనిజాలు కూడా ఆవుపాలలో చాలా ఎక్కువ. పసిపిల్లల కిడ్నీలు ఆ బరువు మోయలేవు. సరే, నీళ్లు కలిపి పలుచన చేద్దామంటే శక్తి కూడా పలుచబడుతుంది, బిడ్డ కడుపు నిండినట్టు ఉంటుంది గానీ బరువు పెరగదు. ఎటు చూసినా అసలు చిక్కు ఐరన్. ఆవుపాలలో అది లేనట్టే లెక్క. పైగా మొదటి ఏడాదిలో ఆవుపాలు కొందరు పిల్లల పేగుల్లో కంటికి కనబడనంత రక్తస్రావం కలిగిస్తాయి. పైకి బొద్దుగా కనిపించే బిడ్డ రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ పడిపోయి ఉండటం మా వార్డులో కొత్త కాదు.

ఇంకో మాట. ఆరు నెలల లోపు విడిగా నీళ్లు కూడా వద్దు, ఎండాకాలమైనా సరే. తల్లిపాలలో, సరిగ్గా కలిపిన ఫార్ములాలో (డబ్బాపాలలో) సరిపడా నీరు ఉంటుంది. నీళ్లు ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. డబ్బా త్వరగా అయిపోతోందని పొడి తగ్గించి కలిపినా ఇదే జరుగుతుంది.

రెండోసారి_నాన్న:
ఏ డబ్బా అన్నదానికి నేను చెబుతాను. మా పెద్దవాడప్పుడు లేబుళ్లన్నీ కూర్చుని చదివాను, మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

ముందుగా, పుట్టినప్పటి నుంచి వాడదగిన మామూలు ఆవుపాల ఫార్ములా తీసుకోండి. స్టేజ్ 1 అనో, ఒకటో నంబరు అనో ఉంటుంది. నెలలు నిండి పుట్టిన ఆరోగ్యమైన బిడ్డకి అది చాలు. ఫార్ములాలో ఏముండాలో కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం చెబుతుంది. శిశువుల ఫార్ములా ప్రమాణం మొదట 1981లో వచ్చింది, తరువాత సవరించారు. 100 మిల్లీలీటర్లకి 60 నుంచి 70 కిలోకేలరీలు ఉండాలి. ప్రోటీన్, కొవ్వు, విటమిన్లు, ఐరన్ అన్నిటికీ హద్దులున్నాయి. చాలా దేశాల చట్టాలు దీని చుట్టూనే తిరుగుతాయి. కాబట్టి చట్టప్రకారం అమ్మే ఏ ఒకటో నంబరు డబ్బా అయినా బిడ్డకి కావలసినవన్నీ ఇస్తుంది. ఖరీదైనదానిలో పోషణ ఎక్కువ ఉంటుందనుకోవడం పొరపాటు.

లేబుల్ మీద నేను చూసేవి కొన్నే. ఐరన్ చేర్చినదై ఉండాలి. పిండిపదార్థం వరుసలో లాక్టోజ్ ముందు ఉండాలి, చక్కెర గానీ గ్లూకోజ్ సిరప్ గానీ కాదు. వే, కేసిన్ అని పాల ప్రోటీన్లు రెండు రకాలు. ఆవుపాలలో కేసిన్ 80 శాతం, వే 20 శాతం. ఒకటో నంబరు ఫార్ములాల్లో సాధారణంగా వే వాటా పెంచి 60 శాతం దాకా తెస్తారు, అది తల్లిపాలకి దగ్గర. "ఎక్కువ ఆకలేసే పిల్లలకి" అని అమ్మేవాటిలో మళ్లీ కేసిన్ ఎక్కువ. అది పొట్టలో కాస్త గట్టిగా గడ్డకట్టి నెమ్మదిగా అరుగుతుంది. దానితో బిడ్డ రాత్రి ఎక్కువసేపు పడుకుంటుందని మాత్రం ఆశపడకండి, అలాంటి రుజువు లేదు.

గడువు తేదీ, డబ్బా సొట్టలు, మూత కింద సీలు. అంతే.

నెలవంక:
అన్నా, చాలా థ్యాంక్స్. అక్కా, నీకు కూడా, తూకం లెక్క ఇంట్లో చదివి వినిపించాను. మరి డీహెచ్ఏ, ప్రీబయోటిక్, హెచ్ఎంఓ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటాయి కదా. గోల్డ్ అన్నవాటిలో ఇవన్నీ ఉన్నాయట. అవి లేకపోతే మెదడు ఎదగదేమోనని మావారి భయం.

రెండోసారి_నాన్న:
డీహెచ్ఏ అనేది కొవ్వు ఆమ్లం, తల్లిపాలలో ఉంటుంది. యూరోపియన్ యూనియన్ 2020 నుంచి ప్రతి శిశు ఫార్ములాలో తప్పనిసరి చేసింది, అమెరికాలో తప్పనిసరి కాదు. ఉంటే మంచిదే. అది ఉన్న మామూలు డబ్బాలు కూడా బోలెడు, గోల్డే కానక్కర్లేదు. ప్రీబయోటిక్ అంటే పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకి తిండి. హెచ్ఎంఓ అంటే తల్లిపాలలో ఉండే ఒక రకం చక్కెరలు. తల్లిపాలలో అవి వందకి పైగా రకాలుంటే, డబ్బాలో వేసేవి ఒకటో రెండో, మహా అయితే నాలుగైదో. హాని లేదు. దాని కోసం అప్పు చేయనక్కర్లేదు. డబ్బా ముందు వైపు రాసేది అమ్మడానికి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్నదే చదవాలి.

వేపచెట్టు:
ఇలాంటి ప్రచారానికి కళ్లెం వెయ్యడానికే 1981లో ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాల ప్రత్యామ్నాయాల మార్కెటింగ్ మీద ఒక నియమావళి తెచ్చింది. ప్రకటనలు వద్దు, తల్లులకి ఉచిత శాంపిళ్లు వద్దు, డబ్బా మీద ముద్దులొలికే పాపాయి బొమ్మ వద్దు అని అందులో ఉంది. దాన్ని చట్టంగా ఎంతవరకు చేసుకున్నారన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అందుకే ఇప్పుడు బొమ్మ బదులు డబ్బా మీద మెరిసే కవచాలూ, నక్షత్రాలూ.

చిరుజల్లు:
మా బాబుకి గ్యాస్, ఏడుపు ఎక్కువ అని మేం లాక్టోజ్ లేని డబ్బాకి మార్చాం. తగ్గలేదని సోయా. ఇప్పుడు మేకపాలది వాడుతున్నాం. బాబుకి నాలుగో నెల. ఇప్పుడు బాగానే ఉన్నాడు. నెలవంక గారూ, మీరు నేరుగా మేకపాలదే తీసుకోండి, తేలిగ్గా అరుగుతుంది.

పాలపిట్ట:
చిరుజల్లు గారూ, నాలుగో నెలలో ఏడుపు తగ్గడం డబ్బా ఘనత కాకపోవచ్చు. పైన అక్క చెప్పింది కదా, ఆ వయసుకి ఎవరికైనా తగ్గుతుంది. ఏ డబ్బా చేతిలో ఉంటే దానికి పేరొస్తుంది!

పిల్లలవార్డు_నర్సు:
ఇక్కడ మూడు విషయాలు కలిసిపోతున్నాయి, విడదీసి చెబుతాను.

పుట్టుకతోనే లాక్టోజ్ పడని పిల్లలు అత్యంత అరుదు. తల్లిపాలలో ఉండేదే లాక్టోజ్, అదీ ఆవుపాలకన్నా ఎక్కువ. గట్టిగా విరేచనాలు పట్టిన తరువాత కొన్నాళ్లు లాక్టోజ్ అరక్కపోవడం జరుగుతుంది, అది సర్దుకుంటుంది. ఊరికే గ్యాస్ ఉందని లాక్టోజ్ తీసేయడం అనవసరం.

ఆవుపాల ప్రోటీన్ అలర్జీ అన్నది వేరే సంగతి. నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో ఉంటుంది. మలంలో రక్తం లేదా జిగురు, తగ్గని ఎగ్జిమా (చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు), వాంతులు, ఒళ్లంతా దద్దుర్లు, బరువు పెరగకపోవడం లాంటివి కలిసి కనబడితే అనుమానించాలి. అప్పుడు మేకపాల ఫార్ములా పనికిరాదు. మేక ప్రోటీన్లు ఆవు ప్రోటీన్లని పోలి ఉంటాయి కాబట్టి అలర్జీ బిడ్డ దానికీ అలాగే స్పందిస్తుంది. ప్రోటీన్‌ని బాగా చిన్న ముక్కలుగా విడగొట్టిన ఫార్ములా ఉంటుంది, ముందు డాక్టరు అది రాస్తారు. దానికీ లొంగకపోతే అమైనో ఆమ్లాల ఫార్ములా. "సగం విడగొట్టిన" కంఫర్ట్ రకాలు ఈ అలర్జీకి మందు కావు. తల్లిపాలు తాగే బిడ్డకి ఇది ఉంటే పాలు మాన్పించక్కర్లేదు, తల్లి తన తిండిలో పాల పదార్థాలు కొన్నాళ్లు ఆపి చూడమంటారు.

అలర్జీ లేని బిడ్డకి ప్రమాణాల ప్రకారం తయారైన మేకపాల ఫార్ములా వాడితే తప్పు లేదు, అయితే మామూలు దానికన్నా మేలు కూడా లేదు. కానీ విడి మేకపాలు కాచి పట్టడం మాత్రం వద్దు, అందులో ఫోలేట్ అనే విటమిన్ చాలా తక్కువ. సోయా ఫార్ములా ఆరు నెలల లోపు డాక్టరు చెబితే తప్ప వద్దు.

చిరుజల్లు గారూ, బాబు బాగా పెరుగుతుంటే ఇప్పుడున్నది మళ్లీ మార్చకండి.

చిరుజల్లు:
సరేనండి. ఇన్నాళ్లూ ఇది ఎవరూ ఇలా విడదీసి చెప్పలేదు. బరువు బాగానే పెరుగుతున్నాడు. ఒకవేళ ఇది దొరక్కపోతే ఇంకో కంపెనీది వాడొచ్చా మరి?

రెండోసారి_నాన్న:
వాడొచ్చు. 2022లో అమెరికాలో ఒక పెద్ద కర్మాగారం మూతపడి ఫార్ములాకి కరువు వచ్చింది. అప్పుడు అక్కడి పిల్లల డాక్టర్లు చాలామంది పిల్లలకి దొరికిన బ్రాండ్‌కి మారిపోవచ్చనే చెప్పారు. వద్దన్నవి రెండు: నీళ్లు ఎక్కువ కలిపి పొదుపు చేయడం, ఇంట్లో సొంతంగా ఫార్ములా తయారు చేయడం. అలర్జీ ఫార్ములా తాగే పిల్లలకి మాత్రం డాక్టరుని అడగకుండా మార్చకూడదు. మార్చాక ఒకటి రెండు రోజులు మలం రంగు, వాసన మారితే కంగారు పడొద్దు.

పాలపిట్ట:
డబ్బా గురించి ఇంత మాట్లాడుకున్నారు, కలిపే పద్ధతి ఎవరూ ఎత్తలేదు. నా దృష్టిలో అసలు జాగ్రత్త అక్కడే కావాలి.

పాలపొడి చూడటానికి శుభ్రంగా ఉంటుంది గానీ అది క్రిమిరహితం కాదు. క్రోనోబాక్టర్ అనే బ్యాక్టీరియా అరుదుగానైనా అందులో ఉండే అవకాశం ఉంది. రెండు నెలల లోపు పిల్లల్లో, నెలలు నిండక పుట్టినవాళ్లలో అది రక్తానికీ మెదడుకీ పాకితే ప్రాణాంతకం. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 70 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గని వేడి నీళ్లతో పొడి కలపమంది. నీళ్లు బాగా మరిగించి, దించి, అరగంట దాటకుండా వాడితే ఆ వేడి ఉంటుంది. ముందు సీసాలో కొలిచిన నీళ్లు, తరువాత పొడి. పొడి ముందు వేసి గీత దాకా నీళ్లు పోస్తే పాలు చిక్కబడిపోతాయి. స్కూపు ఆ డబ్బాలోదే వాడాలి, అదిమి నింపకూడదు, పైన కత్తి వీపుతో చదును చేయాలి. ఒక స్కూపుకి ఎన్ని నీళ్లో కంపెనీని బట్టి మారుతుంది, కొన్నిటికి 30 మిల్లీలీటర్లు, కొన్నిటికి 60. డబ్బా మార్చినప్పుడల్లా మళ్లీ చదవండి.

కలిపాక సీసాని చల్లటి నీళ్ల కింద పట్టి గోరువెచ్చగా చేసి, మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసి పట్టండి. మైక్రోవేవ్ వద్దు, ఒక చోట చల్లగా ఇంకో చోట మండిపోతూ ఉంటుంది. కలిపిన పాలు బయట రెండు గంటలు. బిడ్డ నోరు పెట్టాక గంట. మిగిలితే పారబోయడమే, ప్రాణం ఉసూరుమన్నా సరే. బిడ్డ నోరు పెట్టని పాలు కలిపిన వెంటనే ఫ్రిజ్‌లో పెడితే ఒక రోజు.

వేపచెట్టు:
కానీ మా డబ్బా మీద "మరిగించి చల్లార్చిన గోరువెచ్చని నీళ్లు" అని ఉంది. వేడి నీళ్లతో విటమిన్లు పోవా?

పిల్లలవార్డు_నర్సు:
ఈ అనుమానం చాలామందికి వస్తుంది. కొన్ని విటమిన్లు కాస్త తగ్గుతాయి, విటమిన్ సీ ముఖ్యంగా. కానీ 70 డిగ్రీల దగ్గర ఆ నష్టం పెద్దది కాదు, బ్యాక్టీరియా చావడం పెద్ద లాభం. మీ డబ్బా ప్రోబయోటిక్ కలిపినదైతే వేడికి ఆ మంచి బ్యాక్టీరియా చస్తుంది, కంపెనీలు గోరువెచ్చని నీళ్లు అని రాయడానికి అదొక కారణం. చిన్న పిల్లలకి, నెలలు నిండక పుట్టినవాళ్లకి నేనైతే వేడి నీళ్ల పద్ధతే చెబుతాను. ద్రవరూపంలో సిద్ధంగా దొరికే ఫార్ములా క్రిమిరహితం, అది కొనగలిగితే మొదటి రెండు నెలలు ఇంకా నిశ్చింత.

సీసాలు, పాలపీకలు సబ్బుతో, బ్రష్‌తో కడిగాకే మరిగించాలి. పాల జిడ్డు ఉండగా మరిగించి ప్రయోజనం లేదు.

శంఖుపుష్పం:
ఇంత తంటా ఎందుకు? పాలు పిండి దాచుకోవచ్చు కదా. ఉద్యోగం సాకుతో డబ్బా అలవాటు చేసేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

బుడిబుడి_అడుగులు:
శంఖుపుష్పం గారూ, పిండి దాచుకోమన్న సలహా మంచిదే. "సాకు" అన్న మాట అవసరం లేదు. ఆవిడ పాలు మానేస్తానని అనలేదు, పగలు మూడు సార్లకి దారి అడిగింది.

నెలవంకా, ఆఫీసులో పంపు వాడే వీలుంటే పిండిన పాలు గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, డీప్ ఫ్రీజర్‌లో ఆరు నెలల దాకా బాగుంటాయి. ఫ్రీజర్‌లోవి ఫ్రిజ్‌లోకి మార్చి కరగబెట్టాక ఒక రోజులో వాడెయ్యాలి. కొందరి పాలు దాచాక సబ్బు వాసన వేస్తాయి. లైపేజ్ అనే ఎంజైమ్ కొవ్వుని విడగొట్టడం వల్ల అలా అవుతుంది, పాలు పాడయినట్టు కాదు. కొంతమంది పిల్లలు ఆ రుచికి మొహం తిప్పేస్తారు, అలాంటప్పుడు ఫ్రీజ్ చేసే ముందే అంచుల్లో బుడగలు వచ్చేదాకా వేడి చేసి చల్లార్చాలి.

అన్నిసార్లకీ పాలు రాకపోతే ఒకటి రెండు సార్లు ఫార్ములా పట్టు. రొమ్ము ఎంత ఖాళీ అయితే అన్ని పాలు ఊరతాయి, కాబట్టి మానేసిన పూటకి పంపు కూడా లేకపోతే క్రమంగా తగ్గుతాయి. అందుకే ఒక్కసారిగా మూడు పూటలు మాన్పించకు. చేరడానికి రెండు మూడు వారాల ముందు మొదలుపెట్టి, ఒక పూట మార్చి నాలుగైదు రోజులు ఆగి, ఇంకో పూట. లేకపోతే రొమ్ములో పాలు గడ్డకట్టి జ్వరం తెచ్చుకుంటావు. పొద్దున్నే, రాత్రి మాత్రం రొమ్మే ఇవ్వు.

నెలవంక:
అక్కా, దణ్ణం పెట్టాలి నీకు. ఆఫీసులో పంపుకి ఒక గది ఉందట, కనుక్కున్నాను. సీసాలో ఎంత పొయ్యాలి? మొన్న పిండిన పాలు సీసాతో పట్టబోతే నాలుకతో తోసేసింది.

పాలపిట్ట:
సుమారు లెక్క: కిలో బరువుకి రోజుకి 150 మిల్లీలీటర్లు. మీ పాపకి 4.7 కిలోలు కాబట్టి రోజు మొత్తానికి 700. ఎనిమిది సార్లు తాగుతుందనుకుంటే ఒక్కో సారికి 90 చొప్పున. అది మొదలుపెట్టడానికి ఒక అంకె మాత్రమే, బిడ్డ 60 తాగి మొహం తిప్పుకుంటే అక్కడితో ఆపండి. పూర్తిగా ఫార్ములా తాగే పిల్లలకి కూడా రోజుకి లీటరు దాటనక్కర్లేదు.

సీసా పట్టుకోవాలంటే మొదటి కొన్నిసార్లు మీరు కాకుండా మీవారినో అమ్మనో పట్టమనండి. మీ వాసన తగిలితే సీసా ఎందుకు ముడుతుంది? మరీ ఆకలి మీద ఉన్నప్పుడు కాకుండా, కాస్త ఆకలి ఉండగానే ప్రయత్నించాలి. నెమ్మదిగా కారే పాలపీక కొనండి. బిడ్డని దాదాపు కూర్చోబెట్టినట్టు పట్టుకుని, సీసాని నిలువుగా కాకుండా అడ్డంగా పట్టాలి. కాసేపు తాగాక సీసా కిందికి వంచి ఊపిరి తీసుకోనివ్వాలి. ఇలా పడితే కడుపు నిండింది బిడ్డకే తెలుస్తుంది, రొమ్ముకి సీసాకి మధ్య పేచీ కూడా తక్కువ. దిండుకి ఆనించి సీసా వదిలేయడం ఎప్పుడూ వద్దు, పొలమారుతుంది, చెవి ఇన్‌ఫెక్షన్లు కూడా వస్తాయి.

గడపమెట్టు:
పట్టాక భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా తట్టడం మర్చిపోకండమ్మా. ఇది మారలేదు కదా?

పిల్లలవార్డు_నర్సు:
మారలేదండీ :) త్రేన్పుతో పాటు కొంచెం పాలు కక్కినా ఫర్వాలేదు. అది నాలుగో నెల ప్రాంతంలో ఎక్కువగా ఉండి ఏడాదికల్లా చాలామందికి పోతుంది. ఆకుపచ్చ వాంతి, ఎగజిమ్మినట్టు పదేపదే వాంతి, మలంలో రక్తం, డైపర్లు తడవకపోవడం, మాడు లోపలికి గుంట పడటం, మూడు నెలల లోపు బిడ్డకి 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం, వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు, ఆసుపత్రికి వెళ్లండి.

తల్లిపాలు తాగే పిల్లలకి రోజూ 400 యూనిట్ల విటమిన్ డీ చుక్కలు వేస్తారు, అది కూడా మీ డాక్టరుతో మాట్లాడండి. రోజుకి లీటరు ఫార్ములా తాగేవాళ్లకి అందులోనే అందుతుంది. మీ పాప కొంచెమే తాగుతుంది కాబట్టి చుక్కలు ఆపక్కర్లేదు.

అలల_చప్పుడు:
మధ్యలో దూరుతున్నాను. మా వాడికి ఎనిమిదో నెల, పూర్తిగా ఫార్ములానే. ఆరు నెలలు దాటాయి కదా, రెండో నంబరుకి మారండి అని కొట్టువాడు అన్నాడు. మారలేదు. మోషన్ గట్టిగా వస్తోంది, ఐరన్ తక్కువున్నది వాడమని ఇంకొకరు. ఏం చెయ్యాలి?

రెండోసారి_నాన్న:
రెండో నంబరు అక్కర్లేదు. 1986లోనే ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానంలో ఈ ఫాలో అప్ పాలు అవసరం లేదని ఉంది. ఒకటో నంబరే ఏడాది దాకా వాడుకోవచ్చు. ఫార్ములాలో ఉండే ఐరన్ వల్ల మలబద్ధకం రాదు, దాన్ని తగ్గిస్తే రక్తహీనత తెచ్చుకోవడమే.

వేపచెట్టు:
ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకం, తల్లిపాలు తాగని 6 నుంచి 11 నెలల పిల్లలకి ఫార్ములా గానీ జంతువుల పాలు గానీ ఇవ్వొచ్చంది. అమెరికా, బ్రిటన్ సలహా మాత్రం ఏడాది నిండేదాకా ఆవుపాలు ముఖ్య పానీయంగా వద్దని. రెండూ చదివితే బుర్ర తిరుగుతుంది.

పిల్లలవార్డు_నర్సు:
తిరగక్కర్లేదు. ఆ 2023 సిఫార్సుని బలహీనమైన రుజువుల మీద ఆధారపడినదని వాళ్లే చెప్పుకున్నారు, ప్రపంచంలో ఫార్ములా కొనలేని, శుభ్రంగా కలపలేని ఇళ్లు ఎన్నో ఉన్నాయి కదా. జంతువుల పాలు ఇచ్చే బిడ్డకి ఐరన్ ఉన్న తిండి తప్పక అందాలి. ఫార్ములా అందుబాటులో ఉన్న ఇంట్లో ఏడాది దాకా అదే కొనసాగించమని నేను చెబుతాను.

అలల_చప్పుడు గారూ, ఎనిమిదో నెలలో మీరు చూడాల్సింది డబ్బా నంబరు కాదు, గిన్నెలో ఏముందన్నది. నెలలు నిండి పుట్టిన బిడ్డలో అమ్మ కడుపులో దాచుకున్న ఐరన్ సుమారు ఆరు నెలలకి అడుగంటుతుంది. గుడ్డు, మాంసం, పప్పులు, ఆకుకూరలు మెత్తగా చేసి పెట్టండి. పక్కన విటమిన్ సీ ఉన్న పండు ఉంటే ఐరన్ బాగా ఒంటబడుతుంది. ఇప్పుడు తిండితో పాటు కొంచెం కొంచెం నీళ్లు ఇవ్వొచ్చు, పండ్ల గుజ్జు ఇవ్వొచ్చు, మోషన్ దానితోనే చాలావరకు దారికొస్తుంది. పొడి చిక్కగా కలుస్తోందేమో కూడా చూడండి, గట్టి మోషన్‌కి అదొక కారణం.

పాలపిట్ట:
ఏడాది లోపు తేనె మాత్రం నాకించొద్దు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు భయం. గుడ్డు, వేరుశనగ లాంటి అలర్జీ పదార్థాలని ఏడాది దాటాక పెడదామని ఆపడం కూడా పాత మాట. 2015లో వచ్చిన లీప్ అనే అధ్యయనంలో, అలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న పిల్లలకి నాలుగు నుంచి పదకొండు నెలల మధ్యే వేరుశనగ మొదలుపెట్టి కొనసాగిస్తే అలర్జీ సుమారు ఎనభై శాతం తగ్గింది. గింజలుగా కాదు, మెత్తటి ముద్దగా పలుచన చేసి. తీవ్రమైన ఎగ్జిమా ఉంటే ముందు డాక్టరుని అడగాలి.

చిరుజల్లు:
ఏడాది దాటాక మూడో నంబరు డబ్బా అని ఒకటుంది కదా, అది?

రెండోసారి_నాన్న:
అది కూడా వద్దు. ఏడాది దాటిన పిల్లలకి వెన్న తీయని మామూలు పాలు చాలు. అవి కూడా రోజుకి 500 మిల్లీలీటర్ల ప్రాంతంలో ఉంచండి, మరీ ఎక్కువ తాగితే తిండి మీదికి పోరు, ఐరన్ పడిపోతుంది. సీసా మాని గ్లాసుకి అలవాటు చేయండి, పడుకునేటప్పుడు సీసా నోట్లో ఉంటే పళ్లు పుచ్చుతాయి.

నెలవంక:
అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. మామూలు ఒకటో నంబరు డబ్బా, నెమ్మదిగా కారే పాలపీక తెప్పించాను. ఈరోజు వాళ్ల నాన్న పడితే కొంచెం తాగింది. పాలు పిండటం కూడా మొదలుపెట్టాను. రోజుకి ఒక సీసానే కాబట్టి డబ్బా త్వరగా అవదు. తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టాలా?

పాలపిట్ట:
వద్దండి, ఫ్రిజ్‌లో పొడికి చెమ్మ పడుతుంది. మూత బిగించి, ఎండ తగలని పొడి చోట ఉంచండి, స్కూపు తడి చేతితో ముట్టుకోకండి. సాధారణంగా తెరిచిన నెల లోపు వాడేయమంటారు, మీ డబ్బా మీద ఎన్ని వారాలని ఉందో చూసి తెరిచిన తేదీ మూత మీద పెన్నుతో రాసెయ్యండి. రోజుకి ఒక్క సీసాకే అయితే చిన్న డబ్బా కొనుక్కోండి.